రాతి మీద నాంచారయ్య పేరు

1973 ఏప్రిల్ మొదటి వారం. మధ్యాహ్నం రెండు గంటలకు కొండపల్లి స్టేషన్లో దిగాను. ఒక హోల్డాల్, ఒక ట్రంకుపెట్టె, ఎనిమిది నెలల డ్యూటీ ఆర్డరు. ఎండ మాడు పగలగొడుతోంది. మా వైర్‌లెస్ పోస్టు మూడు మైళ్ళు, అందులో రెండు మైళ్ళు కొండెక్కాలి. జీపు రిపేరులో ఉందన్నారు. నేనున్న ఎనిమిది నెలలూ అది రిపేరులోనే ఉంది. మాకు దిక్కు ఒక సైకిలు.

పైన నలుగురం: సుబేదారు గారు, ఆపరేటరు, వంటమనిషి, నేను. కింద గేటు దగ్గర ఒక సెంట్రీ. పోస్టు పక్కన నిలువెత్తు నల్లరాయి ఉంది. దాని మీద డెబ్బై ఒకటి యుద్ధంలో పోయిన మన జిల్లా జవాన్ల పేర్లు పదకొండు. ఏడోది నాంచారయ్య. నా సెక్షన్ వాడే. నా చేతుల్లోనే పోయాడు. వాడిది పెడన, మా గుడివాడ నుంచి గంట ప్రయాణం. రెండుసార్లు సెలవులో ఇంటికొచ్చి కూడా వాళ్ళ గడప తొక్కలేదు. తూటాలకు ఎదురెళ్ళినవాణ్ణి, ఆ తల్లిదండ్రులకు మొహం చూపించడానికి భయపడ్డాను.

జూన్‌లో ఒకరోజు, ఉదయం పదింటికి, గేటు నుంచి రేడియో పలికింది.

"ఎవరో పెద్దాయనండీ. స్టేషన్ దగ్గర అద్దె సైకిలేసుకొచ్చాడు. పెడన నుంచంట. రాయి మీద కొడుకు పేరు చూడాలంటున్నాడు. ఓవర్."

సివిలియన్లను పైకి రానివ్వకూడదని ఆర్డరు. సుబేదారు గారు నా మొహం చూశారు.

"ఆ రాయి మనం చూసుకోవడానికి పెట్టారా? వెళ్ళి తీసుకురా. నాలుగింటికల్లా గేటు దాటించాలి."

సైకిలు మీద దిగాను. బక్కపల్చటి మనిషి. భుజాన తువ్వాలు. పేరు కోటయ్య అన్నారు. నా వెనక కూర్చోమన్నాను.

"మగ్గం తొక్కిన కాళ్ళు బాబూ. కొండ ఒక లెక్కా?" అన్నారు.

రెండో మలుపులో ఇద్దరం దిగి సైకిళ్ళు తోసుకుంటూ నడిచాం. ముందు ఆయాసపడింది నేనే.

"టెలిగ్రాం వచ్చింది గానీ మనిషి రాలేదు కదండీ. మా వైపు నాంచారయ్యలు వీధికి నలుగురు. ఇంకో నాంచారయ్య కబురు మాకొచ్చిందేమో! మా ఆడమనిషి ఆ కాగితాన్ని ఇంట్లోకే రానివ్వలేదు. చూర్లో దోపి ఉంచింది."

రాయి దగ్గర ఏడో పేరు వేలితో చూపించాను. ఆయనకు చదువు రాదు. చాలాసేపు చూశారు.

"ఇది మావాడేనని ఈ రాయికేం తెలుసు బాబూ?"

"నాకు తెలుసు బాబాయి గారూ. నేనక్కడే ఉన్నాను."

ఆయన నమ్మలేదు. గుర్తు చెప్పమన్నారు.

"ఆ పొద్దున నా స్వెట్టరు ఊలు తెగింది. ముడేస్తే గుచ్చుకుంటుందని, పొయ్యిలో బూడిద వేళ్ళకి అద్దుకుని, మగ్గం మీద తెగిన పోగు అతికినట్టు రెండు కొసలూ మెలేసి అతికాడండీ. అతుకు కనపడలేదు."

"ఏ చేత్తో?"

"ఎడం చేత్తో."

కోటయ్య గారు ఉన్నచోటనే కూలబడ్డారు.

"పుర్రచెయ్యి. చిన్నప్పుడు ఎంత కొట్టినా మాన్లేదు వెధవ" అని, అప్పుడు ఏడ్చారు. నేనూ ఏడ్చాను, ఒంటి మీద యూనిఫాం ఉందని కూడా చూసుకోలేదు. సుబేదారు గారు అటు తిరిగి నిలబడ్డారు. నాలుగు దాటింది. గడియారం ఎవరూ చూడలేదు. ఐదున్నరకు కిందికి దిగాం.

గేటు దగ్గర ఆయన సైకిలెక్కబోయి ఆగారు.

"సెలవులో వచ్చినప్పుడు వాడు మొదలెట్టిన చీర మగ్గం మీద సగంలో ఉంది బాబూ. వాడే వచ్చి ముగిస్తాడని ఎవర్నీ ముట్టనివ్వలేదు. ఇక నేను కూర్చోవాలి."

డిసెంబరులో నా డ్యూటీ ముగిసింది. బెజవాడలో బందరు రైలెక్కాను. గుడివాడలో దిగాల్సినవాణ్ణి, దిగలేదు. తిన్నగా పెడన వెళ్ళాను.

చీర పూర్తయింది. కోటయ్య గారు దాన్ని వాకిట్లో వెలుతురుకు ఎత్తి పట్టారు. సగం దాకా నేత ఒత్తుగా, బిగువుగా ఉంది. అక్కణ్ణించి పల్చబడింది.

"నా చేతుల్లో వాడి బలం లేదు బాబూ. ఎక్కడ మారిందో తెలిసిపోతోంది. షావుకారు వద్దన్నాడు."

"అమ్మమని మిమ్మల్ని ఎవరడిగారు?" అంటూ నాంచారయ్య తల్లి ఆ చీర లాక్కున్నారు. ఒత్తుగా ఉన్న సగం పైకి వచ్చేలా భుజాల చుట్టూ కప్పుకుని, నాకు మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళారు.

యుద్ధంలో చూసినవి చాలా మరిచిపోయాను. ఆమె భుజాల మీద ఆ సగం చీర మాత్రం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది.