ఉప్పళంలో మిగిలిన నిద్రగన్నేరు

యానాం నుంచి బదిలీ మీద పుదుచ్చేరి అటవీశాఖకు వచ్చినవాణ్ణి. ఈ రోజు మనసు మనసులో లేదు.

ఇక్కడి ఉప్పళం పేటలో ఒక వీధిలో పక్కపక్కనే రెండు నిద్రగన్నేరు చెట్లుండేవి. ఒకదాన్ని నాకు ముందున్న అధికారి కొట్టించారు. రెండోది కమలమ్మ అనే పెద్దావిడ పెంకుటింటి మీదికి వాలి ఉంది. చూడడానికి వెళ్తే ఆవిడ నిలదీసింది.

"ఆ చెట్టు ఏందికి కొట్టినారు సార్? వేరు కుళ్ళిందనా, రోడ్డు కోసమా? కుళ్ళుంటే ఇదీ మా మీద పడతాది గదా?"

ఫైలు తీస్తే 'అనుమతించడమైనది' అని మాత్రమే ఉంది. రిటైరైన ఆ అధికారికి ఫోన్ చేశాను.

"ఏదో కారణం ఉండే ఉంటుందయ్యా, గుర్తులేదు" అన్నారు.

మిగిలిన చెట్టు మొదలు చుట్టూ తవ్వించి చూశాను. కుళ్ళు కనబడలేదు. రేపు ఇంటివైపు కొమ్మలు తీయించి, చెట్టును ఉంచాలని నిర్ణయించాను. ఏం చూశానో, ఏది చూడలేకపోయానో, ఎందుకు ఉంచానో అంతా ఫైల్లో రాశాను.

"ఇంత వివరంగా రాస్తే రేపేదైనా జరిగితే నిన్నే పట్టుకుంటారు" అన్నాడు పక్క సీటు మిత్రుడు.

సాయంత్రం నుంచి గాలి జోరుగా వీస్తోంది. కొమ్మలు తీసేదాకా బంధువులింట్లో ఉండమంటే కమలమ్మగారు ఒప్పుకోలేదు. నా లెక్క తప్పితే ఆ కాగితం నన్ను పట్టిస్తుంది, నిజమే. కానీ పట్టుబడతామని ఎవరూ కారణం రాయకపోతే, ఆవిడ ప్రశ్నకు జవాబెవరు చెప్పాలి? మీరైతే రాసేవారా?