కానుకల సంచిలో పడిన గోలీలు

ఆ రోజు ధ్యానం కృప గురించి. పొద్దున్నే మా సంఘం స్త్రీల గ్రూపులో రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టడం కొన్నేళ్లుగా నా పని. ఒక వాక్యభాగం, దాని మీద నాకు తోచిన నాలుగు మాటలు, చిన్న ప్రార్థన. టైలరింగ్ షాపు తెరవగానే మిషన్ పక్కన నిలబడి మాట్లాడేస్తాను. ఆ రోజు మాట మొదలుపెట్టానో లేదో దగ్గు అందుకుంది. మళ్లీ రికార్డు చేస్తే మళ్లీ దగ్గే. చివరికి కళ్లలో నీళ్లు తిరిగి, మిషన్ పట్టుకుని కింద కూలబడ్డాను. ఇది మామూలు దగ్గు కాదని ఎందుకో అప్పుడే అనిపించింది.

మాది కేసముద్రం. పత్తి సీజన్‌లో మార్కెట్ యార్డు ముందు లారీలు, ట్రాక్టర్లు వరస కడితే ఊరంతా దూది, ఊరంతా దగ్గు. అందుకే నా దగ్గును ఎవరూ పట్టించుకోలేదు. "పత్తి దుమ్మే గదనే, సీజన్ పోతే అదే పోతది" అన్నాడు మా ఆయన ప్రభాకర్. ఆయన ట్రాక్టర్ నడుపుతాడు. ఏ జబ్బు వచ్చినా ఆయన దగ్గరున్న మందు ఒక్కటే, వేడి చాయ్. మా అత్తమ్మ రాహేలమ్మ మాత్రం నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, గొంతుకు నూనె రాసింది. మా మందిరం కట్టేటప్పుడు తట్టలతో ఇటుకలు మోసిన మనిషి ఆమె. ఆమె గొంతెత్తి ప్రార్థిస్తే మా వీధిలో కోళ్లు కూడా నోరు మూసుకుంటాయని ప్రభాకర్ వేళాకోళం చేస్తుంటాడు.

దగ్గు పోలేదు. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. అన్నం చూస్తేనే వెగటు. నేను కుట్టుకున్న జాకెట్లను నేనే విప్పి, లోపలికి కుట్టు వేసుకోవాల్సి వచ్చింది. ఒకరోజు రుమాల్లో నెత్తుటి చార కనిపించింది. ప్రభాకర్ చాయ్ గ్లాసు కింద పెట్టేసి, "నడువ్, మానుకోట దవాఖానకు పోదాం" అన్నాడు. మహబూబాబాద్‌ను మేం అలాగే అంటాం.

"దగ్గు ఎప్పటి నుంచమ్మా?" అని అడిగింది డాక్టర్ మేడమ్.

"రెండు నెలలైతుండొచ్చు మేడమ్."

"రెండు వారాలు దాటగానే రావాలి. ఊరంతా దుమ్ము అంటారు, ఊరంతా ఆలస్యంగా వస్తారు" అని విసుక్కుంది. చెస్ట్ ఎక్స్-రే తీశారు, తెమడ తీసుకుని టీబీ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్షకు పంపారు, షుగర్, హెచ్‌ఐవీ పరీక్షలు చేశారు. రిపోర్టు చూసి ఆమె సూటిగానే చెప్పింది. "పల్మనరీ టీబీ. మందుకు లొంగే రకమే, భయం లేదు. ఆరు నెలలు రోజూ మింగాలి. రెండో నెలకే అంతా తగ్గిపోయినట్టు అనిపిస్తుంది, మోసపోకు. తగ్గిందని చెప్పాల్సింది నువ్వు కాదు, నీ తెమడ." ఇంట్లో అందరికీ స్క్రీనింగ్ చేయించమని కూడా చెప్పింది. ప్రభాకర్, మా అమ్మాయి కెజియా ఎక్స్-రేలు తీయించుకున్నారు, ఏమీ లేదని తేలింది. అత్తమ్మ మాత్రం "నాకేం రోగమే? ప్రభువు కాపాడుతుండు నన్ను" అని గడప దాటలేదు.

మొదటి వారాలు నరకం. గోలీలు మింగిన గంటకు కడుపులో దేవినట్టయ్యేది. మూత్రం ఎర్రగా వస్తే నెత్తురేమోనని భయపడ్డాను. ఫోన్ చేస్తే నర్సు నవ్వి, "మందు రంగేనక్కా, పరేషాన్ కాకు" అంది. ఇద్దరు ముగ్గురు వచ్చి కుట్టకుండానే జాకెట్ ముక్కలు వాపసు తీసుకుపోయారు. తీసుకుపోనీ! ఇక ఎవరికీ అంటుకోదని మేడమ్ చెప్పిన రోజే షాపు తెరిచాను. ఏమైందని అడిగిన వాళ్లందరికీ టీబీ అనే చెప్పాను. దొంగతనం చేసి దాచుకున్నానా, సిగ్గుపడడానికి? ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది అత్తమ్మే, అది కాదనను. పొద్దున్నే నేను లేచేసరికి ఉడికించిన గుడ్డు పొట్టు తీసి పెట్టి ఉండేది.

రెండు నెలలకు దగ్గు ఆగిపోయింది. తెమడ పరీక్ష నెగెటివ్ వచ్చింది. మేడమ్ మిగతా నెలలకు వేరే గోలీలు రాసింది. నెలకు సరిపడా తెచ్చి డబ్బాలో పెట్టాను. మా తమ్ముడి పసికొడుకును మందిరంలో దేవునికి ప్రతిష్ఠించే రోజని రఘునాథపల్లికి, మా అమ్మగారింటికి వెళ్లాను. వెళ్తూ రెండు మూడు రోజుల గోలీలే వెంట తీసుకున్నాను.

తిరిగొచ్చి స్టేషన్‌లో బండి దిగానో లేదో, మా సంఘం ఆవిడ ఒకామె ఎదురొచ్చి చేతులు పట్టుకుంది. "వందనాలు ఎస్తేరక్కా! దేవునికి స్తోత్రం! గోలీలు బందయినయట గద!"

"ఎవరి గోలీలు?" అన్నాను.

"నీయే!"

మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. స్వస్థత పొందినవాళ్లు సాక్ష్యం చెప్పి, జబ్బు గుర్తును దేవుని బల్ల దగ్గర వదిలేస్తారు. కాలు బాగైనవాళ్లు చేతికర్ర వదిలిన సంగతి నాకూ తెలుసు. నేను ఊళ్లో లేని ఆ ఆదివారం మా అత్తమ్మ లేచి, తన కోడలిని ప్రభువు ముట్టి పూర్తిగా బాగుచేశాడని సాక్ష్యం చెప్పి, నా నెల గోలీలను కానుకల సంచిలో వేసిందట. సంఘమంతా చప్పట్లు కొట్టి పాట పాడారట.

ఇంటికొచ్చి డబ్బా చూస్తే ఖాళీ.

"అత్తమ్మా, గిదేం పని?"

"దగ్గు పోయింది. తెమడ సాఫ్ అని డాక్టరమ్మనే చెప్పింది. ఇంకేం గావాలె? మొక్కుకున్న, మొక్కు చెల్లించిన."

"నా గోలీలు ఇస్తనని మొక్కుడేంది?"

"నా కోడలు బతకాల్నని మొక్కిన" అంది. "అది గూడ తప్పేనా?"

కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ప్రభాకర్ మధ్యలో దూరాడు. "సంఘమంతా ఇన్నరే. మళ్ల నువ్వు మింగుతే అవ్వ మాట అబద్ధమైతది. జర ఆలోచించు."

"అవ్వ మాట బతకాల్నా, నేను బతకాల్నా? గదొక్కటి చెప్పు నాకు."

ఆయన తల గోక్కుంటూ బయటికి పోయాడు.

నేను తిన్నగా అయ్యగారింటికి వెళ్లాను. మా పాస్టర్ మంచివాడే, కానీ మెతక మనిషి. గోలీలను ఒక కవరులో పెట్టి బల్ల మీద ఉంచామన్నాడు. "దేవునికి ఇచ్చింది వాపసు ఎట్ల ఇయ్యాలమ్మా? సంఘం ఏమనుకుంటది?"

"ఉంచుకోండి అయ్యగారూ. దవాఖానల ఇంకా ఉన్నయి" అని వచ్చేశాను.

మర్నాడు ప్రభాకరే ట్రాక్టర్ మీద నన్ను స్టేషన్‌లో దింపాడు. మేడమ్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె కళ్లద్దాలు తీసింది. "దేవుడికి టీబీ లేదు కదమ్మా, ఆయనకెందుకు ఈ మందులు?" అని మళ్లీ గోలీలు ఇప్పించింది. అక్కడే, ఆమె ఎదురుగానే మింగాను.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. నా పొద్దుటి ధ్యానానికి ఎప్పుడూ ముప్పై ఆమెన్‌లు వచ్చేవి, ఇప్పుడు ఒక్కటీ రాలేదు. విశ్వాసం లేనివాళ్లు వాక్యం చెప్పకూడదని నా పేరు చెప్పకుండా ఒకామె మెసేజ్ పెట్టింది. పేరెందుకు, అందరికీ తెలుసు. నేను ఆపలేదు. ఒక్కరు వినకపోయినా పర్వాలేదు, దేవుడు వింటాడు కదా అని రోజూ పెట్టాను. పెట్టి గోలీలు మింగి షాపు తెరిచేదాన్ని. ఇంట్లో అత్తమ్మ నాతో మాట్లాడడం మానేసింది. కానీ గుడ్డు ఉడికించడం మాత్రం మానలేదు. పళ్లెం ముందు పెట్టి, మొహం తిప్పుకుని వెళ్లేది.

ఒకరోజు బట్టలు ఆరేస్తుంటే పెరట్లోంచి దగ్గు వినపడింది. అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుని ఉంది. ఆ దగ్గు నాకు తెలుసు. నెలల తరబడి అది నా గుండెలోనే ఉంది.

"ఎన్ని దినాలైంది అత్తమ్మా?"

"పడిశమే" అంది. ఆమె నాతో మాట్లాడి ఎన్నాళ్లయిందో.

"దవాఖానకు పోదాం పా."

"పోను."

ప్రభాకర్ బతిమాలాడు, కెజియా ఏడ్చింది. అత్తమ్మ కదల్లేదు. మిరియాల కషాయం తాగేది, నూనె రాసుకునేది, ఆరాధనలో దగ్గొస్తే చెప్పులు విడిచే చోటికి లేచిపోయేది. మనిషి కళ్లముందే సన్నబడిపోతోంది. చివరికి ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు పట్టుకుని నేను నిలదీస్తే అసలు మాట బయటపెట్టింది. "స్వస్థత జరిగిన ఇంట్ల మళ్ల అదే రోగమంటే దేవునికి ఎంత చెడ్డపేరు బిడ్డా? నేను నోటితోని చెప్పిన. నేను పోయినా మంచిదే, ఆయన పేరు పోవద్దు."

ఆ రోజు నేను దేవుడితో పోట్లాడాను. మిషన్ ముందు కూర్చుని, మెల్లగా కాదు, గట్టిగానే అడిగాను. "నీ పేరు నిలబెట్టనీకి మా అత్తమ్మ సావాల్నా? గంత బలహీనుడివా నువ్వు?" అలా అడగకూడదనేవాళ్లున్నారు. అడిగాను, ఇప్పటికీ అడిగినందుకు బాధ లేదు. మర్నాటి ధ్యానానికి సువార్త తెరిస్తే, యేసు గుడ్డివాణ్ణి ఊరి బయటికి తీసుకుపోయి ముట్టిన భాగం వచ్చింది. ఎన్నోసార్లు చదివిందే. ఆ రోజే కళ్లు తెరుచుకున్నాయి.

ఆదివారం సాక్ష్యాల సమయం రాగానే లేచాను. చేతిలో నీళ్ల సీసా, గోలీల షీటు. అయ్యగారు మైకు ఇవ్వాలా వద్దా అని తడబడ్డారు. నేనే తీసుకున్నాను.

"అందరికి వందనాలు. నాకు టీబీ. సగం తగ్గింది, సగం ఉన్నది. గిదే నా సాక్ష్యం" అన్నాను. మందిరం మొత్తం బిగుసుకుపోయింది. "యేసయ్య గుడ్డాయనను ముట్టి, ఏమన్న కనపడుతున్నదా అని అడిగిండు. ఆయన ఏమన్నడు? మనుషులు కనపడుతున్నరు గని చెట్ల లెక్క నడుస్తున్నరన్నడు. అయ్యో, దేవుని పేరు పోతదని అంతా మంచిగ కనపడుతుందని అబద్ధం చెప్పలే. ఉన్నదే చెప్పిండు. యేసయ్యకు కోపమొచ్చిందా? రాలే. మళ్లొకసారి ముట్టిండు. దేవుని కొడుకే ఒక్కనికి రెండుసార్లు చెయ్యి పెడితే, నా రోగానికి ఆరు నెలలు చెయ్యి పెట్టనీకి ఆయనకేం నామోషి? ఉన్నది ఉన్నట్టు చెప్పుకున్నోళ్లనే ఆయన మళ్ల ముడతడు. దాసుకున్నోళ్లను ఎట్ల ముట్టాలె?"

అత్తమ్మ వైపు చూడకుండానే చెప్పాను. చూస్తే ఏడ్చేదాన్ని. కళ్లు మూసుకుని, "ప్రభువా, కృతజ్ఞతలు" అని అందరి ముందే గోలీలు ఒక్కొక్కటిగా మింగాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ ఆమెన్ అనలేదు. అయ్యగారు తల దించుకుని ఉన్నారు. ఆ నిశ్శబ్దంలో ముందు వరస చాపల మీద నుంచి దగ్గు వినపడింది. ఈసారి అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది కానీ, లేచి పోలేదు. అందరూ వినేలా, ఆగేంతవరకూ దగ్గింది. ఆగాక, అక్కడి నుంచే నన్ను అడిగింది.

"రేపు మానుకోట బండి ఎన్ని గంటలకే ఎస్తేరా?"

అత్తమ్మకూ అదే తేలింది. మందుకు లొంగే రకమే అని మేడమ్ అన్నాక నేను ఆ గది బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. మొదటి రోజు గోలీలు మింగి, పెరట్లోంచి "ఎస్తేరా, ఎర్రగొస్తున్నదే!" అని కేక పెట్టింది. మందు రంగేనని నేను ఇంట్లోంచే అరిచాను. ఆ తర్వాత వారాల్లో ఎప్పుడో బల్ల మీది కవరు కనిపించకుండా పోయింది. ఎవరు తీశారో నేను అడగలేదు. అయ్యగారూ చెప్పలేదు. అందరూ మారిపోయారని చెప్పను. నా ధ్యానానికి ఆమెన్ పెట్టనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లిష్టం.

నా కోర్సు పూర్తయింది. చివరి పరీక్షలో తెమడ శుభ్రంగా ఉంది, ఎక్స్-రేలో చిన్న మచ్చ మిగిలింది. మెట్లెక్కితే కాస్త ఆయాసం, అంతే. దగ్గుతో ఆగిపోయిన ఆ కృప ధ్యానాన్ని మళ్లీ మొదటి నుంచి రికార్డు చేశాను. ఇప్పుడు పొద్దున్నే గుడ్డు ఉడికించి పొట్టు తీసేది నేను, తినేది అత్తమ్మ. ఉప్పు తక్కువైందని రోజూ ఒక మాట అంటుంది.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ప్రార్థన చేసుకునే చోటే గోలీల డబ్బా పెట్టుకోండి, ప్రార్థన కాగానే మింగండి, డాక్టర్ చివరి పరీక్ష చూసి చాలు అనేదాకా స్వస్థత సాక్ష్యం ఆపండి. ఆలస్యమైతే దేవుడు అలగడు. మొన్న ఆదివారం అయ్యగారు, "రాహేలమ్మా, మంచిగ తేరుకున్నవు, సాక్ష్యం చెప్పరాదు?" అని అడిగారు. మా అత్తమ్మ కూర్చున్న చోటి నుంచి లేవలేదు.

"డబ్బాల ఇంకా ఉన్నయి అయ్యగారూ" అంది. "అయిపోనియ్యుండ్రి."