నల్ల మిల్లు దగ్గర కళ్ళజోడు

గుంటూరు శివారులో హవాయి చెప్పుల పట్టీలు చేసే ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు రంగు రబ్బరు కలిపింది నేనే. ముడి రబ్బరు, సుద్ద, రంగు, చివర్లో గంధకం, ఏది ఎంత వెయ్యాలో నా బుర్రలోనే ఉండేది. పచ్చిగా ఉన్నప్పటి ఎరుపు వేరు, ప్రెస్సులో ఉడికాక వచ్చే ఎరుపు వేరు. ఆ తేడా ముందే పసిగట్టగలిగింది అక్కడ ఈ బాపయ్య ఒక్కడే. అదే నా గర్వం, దాచుకోవడం దేనికి?

2001లో కరీమున్ మిరపకాయల గోడౌన్‌లో రంగు పోయిన తాలుకాయలు ఏరే పని మానేసి, పట్టీలు కత్తిరించడానికి మా దగ్గర చేరింది. ఓ రోజు నా మిల్లు రోలర్ల దగ్గర ఆగి, పచ్చి రబ్బరు చిటికెడు తుంచి చూసి, ఉడికితే ఇటుక రంగుకు తిరుగుతుందేమో అంది. నాకు ఒళ్ళు మండింది. సాయంత్రానికి పట్టీలన్నీ ఇటుక రంగులోనే వచ్చాయి. అప్పట్నుంచి ఓనరు సురేంద్ర గారు ప్రతి రంగు శాంపిలూ ముందు ఆమెకే చూపించేవారు. నిన్నగాక మొన్న మిరపకాయలు ఏరిన మనిషి నా పనికి తలూపాలట! కుళ్ళుతో నాకు అన్నం సయించేది కాదు.

నా రంగుల మిల్లు మీద ఎప్పుడైనా నల్ల రబ్బరు నడిపితే, పనికిరాని రబ్బరుతో రోలర్లను నాలుగైదుసార్లు తుడవనిదే రంగు పెట్టకూడదు. ఒకనాడు ఒక్కసారే తుడిచి ఎరుపు వేశాను. శాంపిల్ చూసి సరేనన్నది కరీమున్ కాబట్టి, సరుకు చెడితే మాట ఆమెకే వస్తుందని నా ఆలోచన. ప్రెస్సుకు పంపేలోపే ఆమె వచ్చింది. వెనకాలే సురేంద్ర గారు. ఎర్ర షీటు నిండా నల్లచారలు.

"ఇంత నలుపు మీ కళ్ళకు ఆనలేదా బాబాయ్?" అంది. ఆ గొంతులో అనుమానం లేదు, జాలి ఉంది.

"ఆనటం లేదమ్మా. ఈమధ్య అంతా మసగ్గా ఉంటోంది" అన్నాను. కుళ్ళుబోతునని ఒప్పుకోవడం కన్నా అదే తేలికనిపించింది.

సురేంద్ర గారు పాపం అనుకుని బ్రాడీపేటలో కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడ కనిపించే అక్షరాలను కూడా తప్పు చదివాను. కళ్ళజోడు వచ్చింది. చూపుతో అంత పనిలేని నల్ల రబ్బరు మిల్లుకు నన్ను మార్చి, రంగుల మిల్లు కరీమున్‌కి ఇచ్చారు.

ఆరేళ్ళయింది. ఇంట్లో జోడు తీసేసి సూదిలో దారం ఎక్కిస్తాను. ఫ్యాక్టరీలో మాత్రం పెట్టుకోక తప్పదు. అవతల ఆమె కలిపే ఎరుపు ఎలా ఉందోనని రోజూ మెడ చాస్తాను, అద్దాల్లోంచి అంతా అలుక్కుపోయి కనిపిస్తుంది. అప్పుడప్పుడు కరీమున్ ఓ ముక్క తుంచి నా దాకా తెస్తుంది. చూడమని చెయ్యి చాపబోయి, గుర్తొచ్చి, వెనక్కి తీసుకెళ్ళిపోతుంది.