చిన్న వ్యాపారి అన్న గడి

మా ముత్తాత బందరు నుంచి రంగూనుకు ఓడల్లో అద్దకం బట్టలు పంపేవారు. మూట మీద మా ఇంటిపేరు ముద్ర కనిపిస్తే అక్కడివాళ్లు విప్పి చూడకుండానే తీసుకునేవారట. మా తాత పురపాలక సంఘం అధ్యక్షుడు. ఆయన బజారులో నడుస్తుంటే దుకాణాల్లోవాళ్లు లేచి నిలబడేవారు. మా నాన్న నాటికి అద్దకం షెడ్లు పోయాయి, లేచి నిలబడేవాళ్లూ పోయారు. నాకు దక్కింది ఆ ఇంటిపేరూ, బట్ట మీద అద్దే పన్నెండు టేకు అచ్చులూ.

ఆ పేరుతోనే ఆక్లాండ్‌లో, ఫ్లాట్ బుష్‌లోని మా ఇంటి గరాజ్‌లో, ఆన్‌లైన్ దుకాణం పెట్టాను. బందరు బట్టలు తెప్పించి ఆస్ట్రేలియాకు, సింగపూర్‌కు, కెనడాకు పంపేవాణ్ని. దేశానికో రకం కాగితాలు. ఎక్కడ నేశారు, ఏ రంగు వాడారు, ఎందుకు పంపుతున్నారు అని ప్రతి పార్సిల్‌కీ మొదటినుంచి రాయాలి. ఒక్కటి తప్పితే సరుకు సరిహద్దులోనే ఆగిపోయేది. కొనేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు.

అప్పుడు ప్రభుత్వంవాళ్లూ కొరియర్ కంపెనీలవాళ్లూ కలిసి మమ్మల్ని ఒక సమావేశానికి పిలిచారు. వివరాలు ఒక్కసారి కంప్యూటర్లో నమోదు చేస్తే ఒప్పందం ఉన్న దేశాలన్నీ వాటినే ఒప్పుకుంటాయనీ, ముందు కొందరితో ప్రయోగం చేస్తామనీ చెప్పారు. మా ముత్తాతకు ఒక్క ముద్రతో జరిగిన పని కోసం ఇంతమంది కోట్లు వేసుకుని కూర్చున్నారు. అయినా చేరదామనే వెళ్లాను. ఇది అందకపోతే నా దుకాణం నిలవదు.

దరఖాస్తులో రెండు గడులు: చిన్న వ్యాపారి, స్థిరపడిన ఎగుమతిదారు. నా పక్కన, ఊరికి అటువైపు మౌంట్ ఆల్బర్ట్‌లో ఇంటినుంచే చీరలమ్మే వరంగల్ ఆవిడ కూర్చుంది. నేను ఆగిపోవడం చూసింది.

“ఏందన్నా ఆలోచిస్తున్నవ్? చిన్నదాంట్ల టిక్ పెట్టు. ముందుగాల మనసొంటోళ్లకే ఇస్తరంట.”

“మాది నాలుగు తరాల ఎగుమతి ఇల్లమ్మా.”

“గదంతా ఫారంల అడుగుతలేరు గదన్నా!” అని నవ్వింది.

నేను రెండో గడిలో టిక్ పెట్టాను.

వారం తర్వాత ఒక అధికారి ఫోన్ చేశాడు. మర్యాదస్థుడే. పెద్ద ఎగుమతిదారుల వంతు ఎప్పుడొస్తుందో చెప్పలేననీ, ఒక్క ఈమెయిల్ పంపితే నన్ను చిన్నవాళ్లలోకి మారుస్తాననీ అన్నాడు. మీ దుకాణం గరాజ్‌లోనే కదా, అని కూడా అన్నాడు. ఆ మాట అనకపోయుంటే పంపేవాణ్నేమో.

“ఒక్క ఈమెయిలే కదండీ,” అంది మా ఆవిడ. “మీ తాతగారెవరో ఈ దేశంలో ఎవరికి తెలుసని?”

“నాకు తెలుసు.”

“అయితే మీరే కొనుక్కోండి ఆ బట్టలన్నీ.”

పంపలేదు. వరంగల్ ఆవిడ చీరలు నాలుగు రోజుల్లో మెల్‌బోర్న్ చేరుతుంటే, నా పార్సిళ్లు వారాల తరబడి తిరిగి మళ్లీ గరాజ్‌కే వచ్చాయి. మా ఇంటిపేరు మీద అడ్డంగా, తిప్పి పంపినట్టు ఎర్ర స్టిక్కర్ అంటించి ఉండేది. దాన్ని గోరుతో గీకి తీసేవాణ్ని. అడ్డంకులు తొలగాయని అధికారులు వేసిన కరపత్రంలో ఆవిడ ఫోటో వచ్చింది. బాగానే వచ్చింది.

చివరికి నా దుకాణం కొంటానని ఆవిడే మా ఇంటికి వచ్చింది. నిలబడే మాట్లాడాను.

“పేరు మార్చనన్నా, మంచిగున్నది. పాతకాలంది లెక్క అనిపిస్తది,” అంది.

వెబ్‌సైటూ, దాని మీదున్న మా ఇంటిపేరూ, గరాజ్‌లో మిగిలిన బట్టలూ, పన్నెండు టేకు అచ్చులూ ఆవిడకే అమ్మాను.