కప్పు నూడుల్స్ మీద దీర్ఘ ప్రార్థన

ఆ రోజుల్లో నాకు నా ప్రార్థన పొడవంటే మహా గర్వం. తొంభైలలో దోహాలో ఓ కంపెనీ గుమాస్తాగా నజ్మా అనే పేటలో ఉండేవాణ్ణి. అక్కడి సెలవు రోజైన శుక్రవారం మా క్రైస్తవ కూటంలో "బాబూ, భోజనానికి ప్రార్థన చెయ్యి" అని పెద్దలెవరైనా అంటే చాలు, మా గోదావరి జిల్లా సంఘం మొదలుకొని ప్రపంచ దేశాల దాకా ఎవ్వర్నీ వదిలేవాణ్ణి కాదు. (కూర చల్లారిపోతోందని వెనకాల ఎవరో దగ్గేవారు. అది భక్తి పారవశ్యమని నేననుకునేవాణ్ణి.)

మొదటిసారి సెలవుకి బయల్దేరినప్పుడు నాకు తోడు మా కంపెనీ మేస్త్రీ, జగిత్యాల వైపు మనిషి. ఆయన దోహా వచ్చిన మూడు నెలలకి ఊళ్ళో కూతురు పుట్టింది. దానికి రెండేళ్ళు నిండినా కళ్ళారా చూసుకోలేదు. ఆ ఆత్రంలో పొద్దుట్నుంచి ముద్ద ముట్టలేదు పాపం. ఎయిర్‌పోర్టు లోపల నేనే బలవంతపెట్టి చెరో కప్పు నూడుల్స్ కొన్నాను. కొట్టువాడు వేడినీళ్ళు పోసి, మూత పెట్టి, మూడు నిమిషాలు ఆగమన్నాడు. ఊరికే కూర్చోవడం దేనికని కళ్ళు మూసుకున్నాను. మేనేజరు కోసం, పైలట్ కోసం, విమానం రెక్కల కోసం, మా అక్క బియ్యే పరీక్షల కోసం గట్టిగా ప్రార్థించాను. మధ్యలో మైకులో ఏదో అన్నారు. సాతాను ఆటంకమనుకొని గొంతు ఇంకా పెంచాను.

ఆమెన్ అని కళ్ళు తెరిస్తే కుర్చీలన్నీ ఖాళీ! ఎదురుగా మేస్త్రన్న చేతులు కట్టుకుని, కళ్ళనిండా నీళ్ళతో కూర్చున్నాడు.

"అన్నా, అందరూ ఏరీ?"

"ఇమానం ఎక్కవోయిండ్రు తమ్మీ."

"ఓరి దేవుడా, మరి నన్ను లేపలేదేం?"

"దేవునితోని మాట్లాడుతున్నవ్. నడిమిట్ల ఎట్ల ఆపాలె?"

కప్పులు పట్టుకుని పరుగో పరుగు. గేటు దగ్గర ఉద్యోగి తలుపు మూసేస్తున్నాడు. "బచ్చీ కో దేఖ్‌నా హై భాయ్!" అని, బిడ్డని చూసుకోవాలంటూ మేస్త్రన్న అరిచిన అరుపుకి ఆయన మనసు కరిగినట్టుంది, "యల్లా, యల్లా!" అని తొందరపెడుతూ ఇద్దర్నీ విమానం దగ్గరికెళ్ళే ఆఖరి బస్సులోకి తోశాడు. నీళ్ళన్నీ తాగేసి ఉబ్బిపోయిన ఆ నూడుల్స్‌ని బస్సులో నిలబడే చేత్తో తిన్నాం.

సీట్లో కూర్చున్నాక మేస్త్రన్న మెల్లగా అడిగాడు. "తమ్మీ, గంతసేపు గందరి కోసం అడిగినవ్. నా బిడ్డ ముచ్చట రాలే గద?"

సిగ్గుతో చచ్చిపోయాను. వెంటనే, కళ్ళు తెరుచుకునే, "ప్రభువా, ఈయన బిడ్డ వాళ్ళ నాన్నని చూసి ఏడవకుండా చూడు" అన్నాను. అంతే. నా జన్మలో అంత చిన్న ప్రార్థన అదే మొదలు.

సెలవులయ్యి తిరిగొచ్చాక, నా ప్రార్థన ఫలించే ఉంటుందన్న ధీమాతో మేస్త్రన్న ఉండే కూలీల క్యాంప్‌కి వెళ్ళి అడిగాను.

"ఏడ్చింది తమ్మీ. రెండు దినాలు నా దిక్కే రాలే. మూడోనాటి సంది సంక దిగలే." పక్కకి జరిగి మంచం మీద నాకు చోటిచ్చాడు. "నేనిటు వచ్చేనాడు గూడ మస్తు ఏడ్చింది."

ప్రపంచ దేశాలన్నిటి గురించీ దేవుడితో మాట్లాడిన నాకు, ఆ పూట ఆ ఒక్క మనిషితో ఏం మాట్లాడాలో తెలియలేదు. అప్పటి నన్ను, ఆ వాగుడుకాయ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పిచ్చి సన్నాసి, ఆ రోజు మాత్రం నోరు మూసుకుని మేస్త్రన్న పక్కన కూర్చున్నాడు.