పది నట్లూ మళ్ళీ విప్పిన మేస్త్రీగారు

మేస్త్రీగారు పోయారన్న కబురు మా బావ తెచ్చాడు. పొద్దున్నే ఉయ్యూరులో మా ఇంటి ముందు టాక్సీ ఆపి, దిగకుండా కిటికీలోంచే చెప్పాడు. నేను నమ్మలేదు. మా అక్క మొగుడికీ నాకూ ఉన్న బంధం అలాంటిది. ఇరవై ఏళ్ళుగా ఒకరికొకరం చెప్పుకున్న మాటల్లో సగం అబద్ధాలే.

"ఒరేయ్, పళ్ళికిలించకు. ఇది నిజం," అన్నాడు బావ.

మొహం చూశాక చొక్కా తొడుక్కుని ఎక్కాను. విజయవాడ బయల్దేరాం.

నాకు చదువు చెప్పిన పంతుళ్ళు కొందరు పోయారు. ఒక్కరి గురించీ నాలుగు ముక్కలు రాయాలనిపించలేదు. ఎనిమిదో తరగతిలో నన్ను రెండేళ్ళు కూర్చోబెట్టి కూడా వాళ్ళు ఎక్కించలేనిది, ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డు కింద కార్లు బాగుచేసే ఈయన ఒక్క రోజులో ఎక్కించాడు. అందుకని రాస్తున్నాను.

మేస్త్రీగారిది బక్క ఒళ్ళు, పెద్ద చేతులు. ఎవరి కారు తాళమైనా అందుకునే ముందు మోచేతుల దాకా చేతులు తుడుచుకునేవారు. టీ సాసర్లో పోసుకుని, దాని మీద ఊదుతూ, పక్కవాడి కారు శబ్దం వినేవారు. "మూడో సిలిండరు దగ్గుతోంది," అనేవారు, ఇంట్లో పిల్లల్లో మూడోవాడు దగ్గుతున్నట్టు. ఆదివారం స్పానరు ముట్టేవారు కాదు. తెల్లచొక్కా వేసుకుని చర్చికి వెళ్ళేవారు. అక్కడ పాటలో గొంతు కలిపేవారు గానీ, రాగం మాత్రం ఆయన సొంతం. ప్రార్థనప్పుడు చేతులు జోడించకుండా పిడికిళ్ళు ముడిచి పెట్టుకునేవారట, గోళ్ళలో నలుపు కనపడకుండా. ఈ సంగతి ఆయన భార్య చెప్పి నవ్వేది.

ఆయనకి ఒక పిచ్చి నియమం ఉండేది. ఇంజను మీద మూతలా ఉండే హెడ్డుని బిగించేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. మాట్లాడితే పది నట్లూ వదులు చేసి, మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టేవారు. కోప్పడేవారు కాదు, ఒక్క మాట అనేవారు కాదు. కిర్రు, కిర్రు, కిర్రు. పదీ విప్పేవారు.

ఈ సంగతి తెలిశాక నేను ఊరుకుంటానా? ఒకసారి ఎనిమిదో నట్టు దగ్గరుండగా, "మేస్త్రీగారూ, మీ పాస్టరుగారు వస్తున్నారండోయ్!" అని అరిచాను. ఆయన రోడ్డు వైపు చూడనైనా చూడలేదు. కిర్రు, కిర్రు. మళ్ళీ బిగించడం మొదలెట్టాక, "గొడుగు లేకుండానే వస్తున్నారండీ!" అన్నాను. మళ్ళీ కిర్రు, కిర్రు. అప్పటికి గానీ నా మట్టిబుర్రకి తట్టలేదు, ఆ కారు మాదేననీ, ఎండలో నిలబడి దాని కోసం ఎదురుచూస్తున్నది నేనేననీ.

ఇక అసలు సంగతి. ఇది ఉప్పెన వచ్చిన ఏడాదికి ముందు ఏడాది మాట.

కారు బావది. నడపడం ఇద్దరిదీ. ఆ పాత టాక్సీ మీదే మా రెండు ఇళ్ళూ తింటున్నాయి. బావకి స్టీరింగు ముందు కూర్చుంటే రోడ్డు కనపడదు, ఇంజను వేడి చూపించే సూదే కనపడుతుంది. "సూది లేచిందేమో చూడరా" అని ప్రతి మైలుకీ ఒకసారి అనేవాడు. ఈ సూది గోల భరించలేక నేనొక పని చేశాను. ఆ సూది తీగకి ఇంకో తీగ కలిపి, డాష్‌బోర్డు కింద నా కాలి పక్కన ఒక చిన్న స్విచ్చి పెట్టాను. నొక్కితే సూది జర్రున ఎర్రగీత మీదకి పోతుంది. వదిలితే దిగిపోతుంది.

ఆ తరవాత ఆర్నెల్లు నాకు పండగే. బందరు కాలవ పక్కన పోతూ స్విచ్చి నొక్కేవాణ్ణి. బావ గాభరాపడి కారు ఆపేవాడు. పంచె ఎగ్గట్టి, డబ్బా పట్టుకుని కాలవలోకి దిగేవాడు. నీళ్ళతో పైకొచ్చేసరికి నేను వేలు తీసేసేవాణ్ణి. "నువ్వు నీళ్ళు తెస్తున్నావని తెలిసే దిగిపోయింది బావా, నీ చేతిలో ఏదో మహత్యం ఉంది," అనేవాణ్ణి. పాపం, ఆ మాట అక్కతో కూడా చెప్పుకున్నాడట.

చివరికి ఒకరోజు, మేస్త్రీగారికి చూపిద్దాం అన్నాడు. చూపిస్తే స్విచ్చి బయటపడుతుంది. "అక్కర్లేదు బావా, ఆ సూదికే తిక్క. అప్పుడప్పుడూ లేస్తుంది. పట్టించుకోకు," అన్నాను. నేను చెప్పే ఏ మాటా నమ్మని మనిషి, ఆ ఒక్క మాటా నమ్మాడు.

ఆ ఎండాకాలం అక్కని తీసుకుని మైలవరం పెళ్ళికి వెళ్ళాడు. నేను వెళ్ళలేదు. తిరిగొచ్చేటప్పుడు రేడియేటరు గొట్టం చిరిగి నీళ్ళన్నీ కారిపోయాయి. సూది లేచింది. తిక్క కదా అని బావ నడుపుతూనే ఉన్నాడు. కాసేపటికి వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ, ముందు నుంచి ఆవిరి వచ్చి కారు నిలబడిపోయింది. పట్టుచీరలో ఉన్న అక్క, ఒళ్ళో పెళ్ళివారిచ్చిన లడ్డూల మూటతో, లారీ డ్రైవరు పక్కన కూర్చుని బెజవాడ వచ్చింది. కారు ఆ లారీ వెనక తాడు కట్టించుకుని వచ్చింది.

మర్నాడు నేను ఆటోనగర్ వెళ్ళేసరికి బావ షెడ్డులో డబ్బా మీద కూర్చుని ఉన్నాడు.

"బాగుచేసి పెట్టండి మేస్త్రీగారూ, అమ్మేస్తాను. మైలవరం నుంచి ఒకాయన రేపొచ్చి చూసుకుంటానన్నాడు," అంటున్నాడు.

"అమ్మేసి ఏం చేస్తారండీ?"

"చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు కాటా దగ్గర కూర్చుంటానండీ. నా చేతులు బండికి పనికిరావు. బండిలో ఆడమనిషిని పెట్టుకుని ఇంజను తగలేశాను. ఇంక నాకు ధైర్యం చాలదు."

నోరు మూసుకోవడం నాకు అంత బాగా వచ్చని నాకే తెలీదు.

మేస్త్రీగారు ఇంజనులో నూనె మట్టం చూసే పుల్ల పైకి తీసి చూపించారు. పాలెక్కువైన టీలా ఉంది నూనె. నీళ్ళు కలిశాయన్నమాట. హెడ్డు విప్పి, కింద ఉన్న గ్యాస్‌కెట్టు రెండు చేతులతో పైకెత్తారు. ఇంజనుకీ హెడ్డుకీ మధ్య ఉండే రాగి రేకు అది. నిప్పు, నీరు, నూనె ఒకే ఇంట్లో కాపురం చేస్తుంటే, తగువు రాకుండా చూసే గోడలాంటిది. దానికి వరసగా నాలుగు గుండ్రటి కంతలు ఉంటాయి. రెండో దానికీ మూడో దానికీ మధ్య రేకు నల్లగా కాలి తెగిపోయింది.

"సూది లేవలేదాండీ?" అని అడిగారు బావని.

"లేచిందండీ. దానికి తిక్క కదా అని..."

"సూదికి తిక్కేవిటండీ? ఎవరు చెప్పారు?"

బావ గడ్డంతో నన్ను చూపించాడు. "మావాడేనండీ. వాడికి బళ్ళ సంగతి తెలుసు కదా."

వేళాకోళంగా అన్నా బాగుండును. నిజంగానే అన్నాడు.

మేస్త్రీగారు డాష్‌బోర్డు కిందకి దూరారు. బయటికొచ్చి, ఏదో జేబులో వేసుకుని, నా వైపు ఒక్క చూపు చూశారు. తరవాత ఒక వెదురుబద్దా కిరసనాయిలు గిన్నే నా చేతిలో పెట్టి, "గీకు," అన్నారు.

మధ్యాహ్నం దాకా ఆ హెడ్డుకి అంటుకున్న పాత రేకు ముక్కలూ మసీ గీకుతూనే ఉన్నాను. అద్దంలా అయ్యాక ఆయన దాని మీద స్టీలు స్కేలు నిలబెట్టి, ఎండకి పట్టి చూశారు. "కింద నుంచి వెలుగు రాకూడదు. వెలుగు వచ్చిందంటే రేపు నీళ్ళూ వస్తాయి," అన్నారు. రాలేదు. హెడ్డు వంగలేదు.

చేతులు కడుక్కునే కొళాయి దగ్గర మెల్లిగా అడిగాను. "మేస్త్రీగారూ, బావతో చెప్పకండి."

"నేనెందుకు చెబుతానయ్యా? అది నా పని కాదు."

"మరి అమ్మేస్తానంటున్నాడండీ."

"నట్లు బిగించేటప్పుడు అంచుల నుంచి మొదలెట్టావనుకో, మధ్యలో ఉబ్బుతుంది. మధ్య నుంచే మొదలెట్టాలి. కష్టంగా ఉన్న చోటు నుంచి." అని తువ్వాలు నా భుజం మీద పడేసి వెళ్ళిపోయారు.

కొత్త రేకు పరిచి, హెడ్డు దించి, బిగించడం మొదలెట్టారు. మొదట మధ్యవి రెండు, తరవాత వాటి పక్కవి, ఆఖరున మూలలవి. మొదటి చుట్టు మెత్తగా, రెండో చుట్టు గట్టిగా, మూడో చుట్టులో ఆయన మెడ నరాలు తేలాయి. ఆ షెడ్డులో స్పానరు చప్పుడు తప్ప ఇంకేం లేదు. బావ తన చేతుల వైపు చూసుకుంటున్నాడు.

మూడో చుట్టులో ఆరో నట్టు దగ్గర నేను నోరు తెరిచాను.

"బావా, ఆ సూదికి తిక్క లేదు. నేనే స్విచ్చి పెట్టాను. ఆర్నెల్ల నుంచీ నేనే లేపుతున్నాను."

మేస్త్రీగారు స్పానరు తిరగేశారు. కిర్రు. కిర్రు. పది నట్లూ విప్పారు. అప్పుడు బావ లేచాడు.

"ఆర్నెల్లు! ఆర్నెల్లు డబ్బా పట్టుకుని కాలవలోకి దిగానురా దరిద్రుడా! జలగలు పట్టాయిరా నన్ను!"

"ఒక్కటే బావా."

"ఒక్కటి చాలదా!" కిరసనాయిలు గుడ్డ నా మొహాన పడింది. రెండోది కూడా పడింది. మూడోది దొరక్క మేస్త్రీగారి వైపు తిరిగాడు. "అయితే బండి నేను పాడుచెయ్యలేదా అండీ?"

ఇంకెవరైనా అయితే లేదండీ అనేవారు. మేస్త్రీగారు అనలేదు.

"మీరే పాడుచేశారు. ఎవడేం చెప్పినా, సూది లేస్తే ఆపాలి. చెయ్యి మాత్రం మంచిదే. పట్టండి." స్పానరు బావకిచ్చారు.

ఏ నట్టు తరవాత ఏ నట్టో ఆయన చూపుడువేలితో తడుతూ పోయారు. బావ బిగిస్తూ పోయాడు. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేదు. మూడు చుట్లూ పూర్తయ్యేదాకా నేను దగ్గు కూడా మింగేశాను. ఇంజను మొదటిసారికే అందుకుంది. కాసేపు తిరిగాక సూది సగానికొచ్చి కుదురుగా నిలబడింది. మేస్త్రీగారు సాసర్లో టీ పోసుకుని, ఊదుతూ విన్నారు. "ఎవరూ దగ్గటం లేదు. రేపు ఇంజను చల్లగా ఉన్నప్పుడు మీరే వచ్చి ఇంకోసారి బిగించుకోండి," అన్నారు బావతో.

మర్నాడు మైలవరం పెద్దమనిషి వచ్చేసరికి బావ చేతిలో స్పానరుంది. "అమ్మటం లేదండీ," అన్నాడు తల ఎత్తకుండానే. ఆ కారు ఇవాళ్టికీ నడుస్తోంది. మేస్త్రీగారి సమాధికి మమ్మల్ని తీసుకెళ్ళింది కూడా అదే.

పెట్టెలో ఆయన తెల్లచొక్కాతో ఉన్నారు. గోళ్ళు నల్లగానే ఉన్నాయి. ఎవరో పెద్దావిడ తుడవబోతే ఆయన భార్య వారించింది. "ముప్పై ఏళ్ళు నేను తోమితేనే పోలేదమ్మా, వదిలెయ్యి. దేవుడు గుర్తుపట్టొద్దూ," అంది. ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు.

తిరిగొస్తూ షెడ్డు దగ్గర ఆగాం. తలుపు తీసే ఉంది. పక్క షెడ్డువాళ్ళు ఊడ్చి పెట్టారు. గోడ పక్కన దూలానికి కొట్టిన మేకుకి మా పాత గ్యాస్‌కెట్టు వేలాడుతోంది. దానికి తీగతో నా స్విచ్చి కట్టి ఉంది. ఇన్నేళ్ళూ అది అక్కడే ఉన్నా, ఆయన ఒక్కసారీ మా ఇద్దరికీ దాన్ని చూపించి ఏమీ అనలేదు.

బావ చెయ్యి పైకెత్తి స్విచ్చి నొక్కాడు. టిక్కుమంది. రేకు కొంచెం ఊగింది. పైకప్పు చిల్లులోంచి దిగిన ఎండ దానిలోంచి పోయి ఎదురుగోడ మీద పడుతోంది. నాలుగు గుండ్రటి వెలుగులు, మధ్యవి రెండూ కాలిన సందులోంచి ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. అవి అటూ ఇటూ ఊగి, ఊగి, నిలబడేదాకా మేమిద్దరం మాట్లాడలేదు.