స్టేక్ హోటల్లో దొరికిపోయిన మా సైగలు

ఈ రోజు నా సంతోషం ఆగడం లేదు, అందుకే రాస్తున్నాను. మా అమ్మాయి లతకు ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. ఆ సంబరంలో నన్నూ మా ఆవిడనూ ఇక్కడే సూరత్‌లో ఒక అమెరికా తరహా స్టేక్ హోటల్‌కు, అంటే పెద్ద మాంసం ముక్కను అలాగే కాల్చి పెట్టే చోటికి, తీసుకెళ్లింది.

అరచేయంత మటన్ ముక్క తెచ్చి ముందు పెట్టారు. ఆహా, ఏం వాసన! కానీ నా నోట్లో మిగిలినవి నాలుగు పళ్లు. పిల్లేమో నా మొహంలోకి ఆశగా చూస్తోంది. నమలలేనని ఎలా చెప్పను?

బట్టల మిల్లులో పవర్‌లూమ్‌ల, అదే కరెంటు మగ్గాల, చప్పుడులో మాట వినపడక ముప్పై ఏళ్లు నేనూ మా ఆవిడా చేతి సైగలతోనే మాట్లాడుకున్నాం. ఇప్పుడూ మెల్లగా మా ఆవిడకు సైగ చేశాను, నా వల్ల కాదు, నువ్వే తినెయ్యమని.

లత పకపకా నవ్వింది. "బాపూ, గా సైగలు నాకు రావనుకున్నవా? మిషన్ల నడుమ పెరిగిన పిల్లను!"

"మరి ఇన్నేండ్లు చెప్పకపోతివేందే?" అన్నాను.

"చెప్తే నా ముంగట ముచ్చట్లు బంద్ చేస్తుంటిరి గదా!"

అంటూనే నా ముక్కను చిన్నచిన్నగా కోసి పెట్టింది. ఒక్కటీ మిగల్చకుండా తిన్నాను!

ఆమె ఎదుటే ఆమె మీద ఎన్ని చాడీలు చెప్పుకున్నామో అని ఇప్పుడు మా ఆవిడ ఒకటే నవ్వు. మీ పిల్లలకూ మీ సైగలు తెలుసేమో, ఒకసారి అడిగి నాకూ చెప్పండి.